ప్రమాణము - పక్షపాతము

సాహిత్య విమర్శకుడు నిష్పక్షపాతిగా ఉండవలెనని చెప్పని వారు లేరు. ఎట్లు ఉండవలెనో చెప్పిన వారు అరుదు. నిష్పక్షపాతము ఒక శీలమనియు, మంచివానికి అది సహజముగా అలవడుననియు, చెడ్డవాడు మాత్రమే దానిని తప్పుననియు ఒక తలంపు లోకములో కలదు. ఈ తలంపు వలన విమర్శకు మేలు కన్న కీడే ఎక్కువగా జరిగినది. ఏలయనగా ప్రతి విమర్శకుడును తన్ను మంచివానిగానే ఎరుగును. కనుక తనలో పక్షపాతము లేదని నిశ్చయించుకొని, ఎదుటివానిలో దానిని వెదకుటకు పూనుకొనును. ఎదుటివాడును అదే పని చేయును. విచారింపవలసిన గ్రంథము ఇద్దరి నడుమ అట్లే మిగిలిపోవును.

పక్షపాతమనగా అసత్యము పలుకుట కాదు. తెలిసి అబద్ధమాడువాడు సత్యమేదో ఎరిగియే దానిని దాచును. పక్షపాతము గలవాడు ఏమియు దాచడు. తాను చూచినదానినే చెప్పుచున్నానని అతని దృఢ విశ్వాసము. ప్రమాణములన్నియు అతని ముందే ఉండును. వానిని తూచుటలో మాత్రము భేదము వచ్చును. తన మతమునకు అనుకూలమైన ప్రమాణము ఎదురైనపుడు మనుష్యుడు 'దీనిని నమ్మవచ్చునా?' అని అడుగుననియు, ప్రతికూలమైనది ఎదురైనపుడు 'దీనిని నమ్మక తప్పదా?' అని అడుగుననియు అమెరికా మనశ్శాస్త్రవేత్త థామస్ గిలోవిచ్ చెప్పినాడు. మొదటి ప్రశ్నకు ఔనని సమాధానము చెప్పుకొనుట సులభము. రెండవదానికి ఔనని చెప్పుట దాదాపు అసాధ్యము, ఏలయనగా సందేహించుటకు వీలులేని ప్రమాణము లోకములో లేదు. పాండిత్యము ఇచట రక్షణ కాజాలదు. చదువు తక్కువైనవాడు ఒకటి రెండు ఆక్షేపణలు చెప్పి ఊరకుండును. బహుగ్రంథ పరిచితుడు ఇరువది చెప్పగలడు. కనుక పండితుని పక్షపాతము పామరుని దానికన్న బలమైన కోటలో నివసించును.

తెలుగు సాహిత్య చరిత్రలో దీనికి నన్నెచోడుని కాల వివాదమును మించిన ఉదాహరణము దొరకదు. 1909లో మానవల్లి రామకృష్ణకవిగారు కుమారసంభవమును వెలికి తీసి మొదటి భాగమును అచ్చు వేయించువరకు ఆ కవిని ఎరిగినవారు లేరనవచ్చును. 1914లో రెండవ భాగము వెలువడినది. పన్నెండు ఆశ్వాసముల కావ్యము. కర్త కవిరాజశిఖామణి యను బిరుదు గల చోడరాజవంశీయుడు. అంకితము పుచ్చుకొన్నవాడు ఆయన గురువైన జంగమ మల్లికార్జునుడు. ఇట్టి గ్రంథము శతాబ్దముల మరుగు నుండి బయటపడుటయే ఒక మహోత్సవము. కాని రామకృష్ణకవిగారు అంతటితో ఆగక, ఈ కవి పదవ శతాబ్దమువాడనియు, నన్నయకు పూర్వుడనియు ప్రకటించినారు. నాటి నుండి కావ్యము వెనుకకు పోయి కాలము ముందుకు వచ్చినది. పండితలోకము రెండుగా చీలినది. ఒకరు ఆయనను ఆదికవి పీఠముపై కూర్చుండబెట్టగా, కొందరు కావ్యము ప్రాచీనమే కాదు, కూటసృష్టి యనునంత దూరము పోయినారు. నన్నయకు తరువాత, తిక్కనకు ముందు, పండ్రెండవ శతాబ్ద ప్రాంతములో ఆయనను నిలుపుట నేడు అధిక సంఖ్యాకుల మతము.

ఈ వివాదములో ఎవరు గెలిచిరనునది ప్రస్తుతము కాదు. ఇరుపక్షముల వారును ప్రయోగించిన ప్రమాణములు చాలవరకు ఒక్కటియే యగుట ఇచట గమనింపదగిన విషయము. కావ్యావతారికలో మార్గకవితను, దేశికవితను ప్రస్తావించుచు, సత్యాశ్రయుడు మొదలుగా గల చాళుక్య రాజులు తెలుగున దేశికవితను నెలకొల్పిరని కవి చెప్పినాడు. సత్యాశ్రయ బిరుదము ఒక్కనిది కాదు. చాళుక్యులలో పలువురు దానిని ధరించినారు. ఏడవ శతాబ్దపు రెండవ పులకేశికి అది కలదు. పదవ శతాబ్దాంతమున రాజ్యమునకు వచ్చిన పశ్చిమ చాళుక్యునికి అదే పేరు. ఇక 'మొదలుగా గల' యను మాట ఎచటికి చేరి ఆగును? కవిని ముందుకు జరుపదలచినవారు రాజరాజ నరేంద్రుని రాకకు పూర్వమే దానిని ఆపివేయుదురు. వెనుకకు జరుపదలచినవారు నన్నయకు ఆశ్రయమిచ్చిన ఆ రాజును కూడ దానిలో చేర్చుకొందురు. పద్యము ఒక్కటే. చదువువాని కోరికయే దాని కొలతను నిర్ణయించుచున్నది.

మౌనము సంగతియు అట్టిదే. కుమారసంభవ కర్త పూర్వకవులను స్తుతించుచు నన్నయను పేర్కొనలేదు. ఆయనకు నన్నయ తెలియకపోవుటయే కారణమనియు, కనుక ఆయన పూర్వుడనియు ఒక పక్షము. ఆయన శైవుడగుటచే వైదిక మార్గానుయాయిని ఉపేక్షించెననియు, కనుక మౌనము దేనికిని సాధకము కాదనియు మరియొక పక్షము. ఇంతవరకు వాదము న్యాయముగనే ఉన్నది. కాని తరువాతి కవులెవ్వరును నన్నెచోడుని స్మరింపని విషయము వచ్చునప్పటికి పాత్రలు తారుమారగును. ఇంతకు ముందు మౌనమును గొప్ప సాక్షిగా నిలిపినవారు ఇపుడు మతభేదమును కారణముగా చెప్పి ఆ సాక్షిని త్రోసివేయుదురు. ఇంతకు ముందు మతభేదమును చెప్పినవారు ఇపుడు మౌనమునే సాక్షిగా పిలుతురు. ఒక్క న్యాయసభలో ఒక్క సాక్షి ఉదయము సత్యవాదియై సాయంకాలము అసత్యవాదియగుట ఎట్లు సంభవము? ఇరువాగులవారును విద్వాంసులే. ఎవ్వరును మోసము తలపెట్టలేదు. అయినను తమ చేతిలోని తక్కెడ మొగ్గు మారినదని వారికి తోచలేదు.

భాష విషయములోను ఇదియే. కావ్యములోని అపూర్వ పదములు, కన్నడ తమిళ పదముల ఛాయలు ప్రాచీనతకు గుర్తులని ఒకరు. సరిహద్దు ప్రాంతపు వాడుకకు గుర్తులని మరొకరు. రెండును సంభవములే. సంభవమగుట వేరు, సిద్ధమగుట వేరు. తన పక్షమున సంభవమును సిద్ధముగాను, పరపక్షమున సిద్ధమును సంభవముగాను గ్రహించుటయే పక్షపాతమునకు ఆనవాలు.

ఇంత పట్టుదలకు కారణమేమి? ఒక కవి నూరేండ్లు ముందుండుట వలన గాని వెనుకనుండుట వలన గాని ఆయన పద్యములలో ఒక అక్షరమైనను మారదు. కాని ఆ సంవత్సరములపై తెలుగువారి అభిమానమొకటి ఆధారపడినది. పొరుగున కన్నడ కవి పంపడు విక్రమార్జున విజయమును 941లో ముగించినాడు. నన్నయ భారతము పదునొకండవ శతాబ్దమునకు చెందినది. ఈ నడిమి ఖాళీ పలువురకు వెలితిగా తోచినది. నన్నెచోడుడు పూర్వుడైన ఆ వెలితి తీరును. నన్నయయే ఆదికవి యను నమ్మకమును సంప్రదాయముగా సేవించిన వారికి అదే మాట అపచారముగా తోచినది. తరువాత ఈ అభిమానమునకు రాజముద్ర కూడ లభించినది. 2004లో తమిళమునకు ప్రాచీన భాష హోదా వచ్చినది. 2005లో కేంద్ర ప్రభుత్వము సవరించిన నియమములలో 1500 నుండి 2000 సంవత్సరముల ప్రాచీనత ఒకటి. 2008లో ఆ హోదా తెలుగు కన్నడములకును లభించినది. ప్రాచీనతకు బహుమానమున్న కాలములో ప్రాచీనతను గూర్చిన ప్రమాణములను మరింత జాగ్రత్తతో తూచవలెను. ఆచరణలో జరుగునది మాత్రము దీనికి విరుద్ధము.

ఇచట మరియొక పొరపాటు కలదు. 'నన్నయకు పూర్వము తెలుగులో పద్యముండెనా?' యను ప్రశ్నకును, 'నన్నెచోడుడు ఎప్పటివాడు?' యను ప్రశ్నకును అవసరమైన సంబంధము లేదు. మొదటిదానికి శాసనములే సమాధానము చెప్పినవి. క్రీ.శ. 575 ప్రాంతపు కలమళ్ళ శాసనములో తెలుగు వాక్యము కలదు. 848 ప్రాంతపు అద్దంకి పండరంగని శాసనములో తరువోజ కలదు. బెజవాడ యుద్ధమల్లుని శాసనములో మధ్యాక్కరలు కలవు. కరీంనగరు ప్రాంతమందలి కుర్క్యాల శిలపై జినవల్లభుడు చెక్కించిన కంద పద్యములు కలవు. అతడు ఆ పంపకవికే తమ్ముడు. నన్నెచోడుడు పండ్రెండవ శతాబ్దమువాడైనను ఈ రాళ్ళు కదలవు. అయినను బుద్ధి స్వభావమేమనగా, కష్టమైన ప్రశ్న ఎదురైనపుడు దాని ప్రక్కనున్న ప్రియమైన ప్రశ్నకు సమాధానము చెప్పి, మొదటిదానికే చెప్పితినని తృప్తి పడును. 'ఈ కవి కాలమేది?' యను ప్రశ్న అట్లు 'తెలుగు ఎంత గొప్పది?' యను ప్రశ్నగా మారిపోయినది.

పోతన జన్మస్థల వివాదము దీనికి తోబుట్టువు. భాగవతావతారికలోని ఏకశిలానగరము ఓరుగల్లని ఒక వర్గము, కడప మండలపు ఒంటిమిట్టయని మరొక వర్గము. ఓరుగల్లనగా ఒక రాయి. ఒంటిమిట్టయనగా ఒక మిట్ట. ఇట్టి వ్యుత్పత్తి ఇరువురకును ఒకే బలమిచ్చును, అనగా ఎవ్వరికిని బలమీయదు. ఒకరి వ్యుత్పత్తిని శాస్త్రమనియు, మరొకరి దానిని ఊహయనియు చెప్పుట తూనికలోని దోషమే. ఇక వ్యుత్పత్తిని ఇరువైపుల నుండియు తీసివేసి చూచినచో, కాకతీయుల రాజధానిని విద్యానాథుడు ప్రతాపరుద్రీయములో ఏకశిలా నామముతో వ్యవహరించుటయు, ఓరుగంటి సమీపమున బమ్మెర గ్రామముండుటయు మిగులును. నేటి పండితులలో అధికులు ఓరుగంటి వైపు మొగ్గుటకు ఇట్టివి ఆధారములు. తక్కెడను సరిచూచుటయనగా ఇరువైపుల సమానమని చెప్పి తప్పుకొనుట కాదు. సరిచూచిన తరువాతనే ఏది బరువో తెలియును.

ఈ వివాదములో మరియొక పాఠము కలదు. ఒంటిమిట్ట వాదమును ప్రాంతాభిమానముగా కొట్టివేయుట సులభము. కాని ఆ వాదమునకు ప్రాబల్యము కలిగించిన కందుకూరి వీరేశలింగముగారు కడప మండలమువారు కారు, రాజమహేంద్రవరమువారు. ఆయన నిర్ణయము సరికాకపోవచ్చును. దానికి కారణము స్వగ్రామ ప్రీతి మాత్రము కాదు. ఎదుటివాని మతమునకు హేతువును వెదకక ఉద్దేశమును వెదకుట విమర్శలో ఒక అలవాటైనది. ఈ అలవాటే ఒక పక్షపాతము. 2002లో ఎమిలీ ప్రోనిన్ మొదలగువారు ప్రకటించిన పరిశోధనలో, పక్షపాతము ఇతరులలో ఉన్నంతగా తమలో లేదని తలచుట జనసామాన్యమున కనబడినది. ఇతరుని కంటిలోని పొరను చూచుటకు ఉపయోగించిన కంటికే పొర ఉండవచ్చునని ఎవ్వరికిని తోచదు.

వెదకు తీరులోను పక్షపాతముండును. తెలంగాణములో కవులు లేరను అభిప్రాయము ఒకప్పుడు పత్రికాముఖమున వెలువడినది. ఆ అభిప్రాయము గలవారు తాము చదివిన గ్రంథములలో, తాము ఎరిగిన సభలలో చూచి ఆ మాట చెప్పి ఉందురు. ఉన్నచోట చూడనివానికి లేకపోవుట నిజమే. సురవరం ప్రతాపరెడ్డిగారు దీనికి కోపముతో సమాధానమీయలేదు. 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి, 354 మంది కవులను లోకము ముందు నిలిపినారు. తప్పుడు సామాన్యీకరణమును ఖండించుటకు ఇంతకన్న మర్యాదయైన పద్ధతి లేదు. తన మాట తప్పయినచో ఆ తప్పు ఎచట కనబడునో అచటికి పోయి చూడనివాడు దానిని పరీక్షించినవాడు కాడు.

ఈ విషయమునే పీటర్ వాసన్ 1960లో ప్రకటించిన ఒక చిన్న పరీక్షలో చూపినాడు. రెండు, నాలుగు, ఆరు అను మూడు సంఖ్యలనిచ్చి, వానిని కూర్చిన నియమమేదో కనుగొనుమని అతడు అడిగినాడు. కోరిన మూడు సంఖ్యలు చెప్పి, అవి నియమమునకు సరిపడునో లేదో తెలిసికొనవచ్చును. పలువురు 'రెండేసి చొప్పున పెరుగుట' నియమమని తలచి, ఎనిమిది, పది, పండ్రెండు వంటివే చెప్పుచు పోయినారు. ప్రతిసారి ఔనని సమాధానము వచ్చినది. అసలు నియమము మాత్రము సంఖ్యలు పెరుగుచు ఉండవలెనని మాత్రమే. ఒకటి, రెండు, ఏడు అని అడిగి చూచిన తమ ఊహ కూలిపోయి ఉండును. కాని ఊహ కూలునట్టి ప్రశ్న అడుగవలెనని చాలమందికి తోచలేదు. ఇచట అభిమానమునకు తావే లేదు. సంఖ్యలపై ఎవరికి మమకారము? అనగా పక్షపాతము కోరిక వలననే కాక బుద్ధి నడక వలన కూడ కలుగుచున్నది. కోరిక తోడైనపుడు దాని సంగతి చెప్పనక్కరలేదు.

కోరిక తోడైనపుడు ఏమగునో చార్లెస్ లార్డ్, లీ రాస్, మార్క్ లెపర్ అను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1979లో చూపినారు. మరణశిక్షను సమర్థించు విద్యార్థులకును, వ్యతిరేకించువారికిని ఒకే రెండు అధ్యయనములను చదువనిచ్చినారు. ఆ శిక్ష హత్యలను అరికట్టునని ఒకటి, అరికట్టదని మరొకటి. ప్రతి పక్షమును తనకు అనుకూలమైనది చక్కగా జరిగినదనియు, ప్రతికూలమైనదానిలో పద్ధతి దోషములున్నవనియు నిర్ణయించినది. తమ పూర్వాభిప్రాయము మరింత దృఢపడినదని కూడ వారు చెప్పినారు. తరువాతి పరిశోధనలలో ఈ దృఢపడుట ప్రతిసారి కనబడలేదు గాని, అసమానముగా తూచుట మాత్రము పలుమారులు కనబడినది. సత్యాశ్రయుని పద్యమును చదివిన తెలుగు పండితులకును ఆ విద్యార్థులకును భేదము స్వల్పము.

దీనికి మందేమి? ఆ పరిశోధకులలో ఇద్దరు ఎలిజబెత్ ప్రెస్టన్‌తో కలిసి 1984లో ప్రకటించిన వ్యాసములో దానిని వెదకినారు. ఒక వర్గమును, న్యాయాధిపతులవలె నిష్పక్షపాతముగా చదువుడని కోరినారు. ఆ ఉపదేశము వలన చెప్పదగిన మార్పు కలుగలేదు. వారు తమకు తోచినంత నిష్పక్షపాతముగా చదివి, మునుపటి నిర్ణయమునకే వచ్చినారు. మరియొక వర్గమునకు ఉపదేశమునకు మారుగా ఒక ప్రశ్న ఇచ్చినారు: 'ఇదే అధ్యయనము, ఇదే పద్ధతితో, విరుద్ధ ఫలితమును చూపి ఉండినచో, దీనిని ఇట్లే తూచి ఉందువా?' ఈ ప్రశ్న ఫలించినది. అసమానత్వము తగ్గినది. ఈ భేదము విమర్శకులకు మిక్కిలి విలువైనది. నిష్పక్షపాతముగా ఉండుమనుట ఆశీర్వచనము వంటిది. ప్రమాణమును తిప్పి చూడుమనుట పనిముట్టు వంటిది. పనిముట్టు ఉన్నచోట శీలము కొంత తక్కువైనను పని జరుగును.

ఈ వివేకము భారతీయ సాహిత్య శాస్త్రమునకు క్రొత్తది కాదు. కాశ్మీరకుడైన అభినవగుప్తుడు నాట్యశాస్త్ర వ్యాఖ్యలో రసానుభవమునకు ఏడు విఘ్నములను చెప్పినాడు. వర్ణితము సంభవమని తోచకపోవుట మొదటిది. నాటకములోని సుఖదుఃఖములను తనవనియో పరునివనియో ఒక దేశకాలమునకు కట్టివేయుట రెండవది. ప్రేక్షకుడు తన స్వంత సుఖదుఃఖములకు వశుడై ఉండుట మూడవది. గ్రహించుటకు ఉపాయములు లోపించుట, స్ఫుటత్వము లేకుండుట, అప్రధానము ప్రధానముగా నిలుచుట, సంశయము, ఇవి తక్కినవి. ఆయన విచారించినది రసమును గూర్చి గాని కాలనిర్ణయ ప్రమాణములను గూర్చి కాదు. అయినను రెండవ మూడవ విఘ్నములు నేటివారు పక్షపాతమనుదాని స్వరూపములే.

విఘ్నములను లెక్కించుటకన్న వాని నివారణమును చెప్పుటలో అభినవగుప్తుని సూక్ష్మబుద్ధి తెలియును. ప్రేక్షకుడు తన్ను తాను మరువవలెనని ఆయన ఉపదేశింపడు. పూర్వరంగము, వేషము, కిరీటాదులు, నాట్యధర్మి యను కట్టుబాట్లు నటుని వ్యక్తిత్వమును కప్పి, ఇది వీనిది, అది వానిది యను బుద్ధిని తొలగించునని చెప్పును. సొంత చింతతో వచ్చినవాని మనస్సును గీతవాద్యములు, అలంకృతమైన రంగమండపము మరలించునని చెప్పును. ప్రతి విఘ్నమునకు ఒక ఉపాయము. మనస్సుకు ఆజ్ఞ కాదు, మనస్సుకు ఏర్పాటు. ఈ వ్యాఖ్యతో కూడిన నాట్యశాస్త్రమును బరోడా గైక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలలో సంస్కరించి, 1926లో మొదటి సంపుటమును వెలువరించినవారు కుమారసంభవమును ప్రకటించిన మానవల్లి రామకృష్ణకవిగారే. విఘ్నములను వివరించిన గ్రంథమును, విఘ్నములకు లోనైన వివాదమును తెలుగువారికి ఒకే చేయి అందించినది.

పాశ్చాత్య విమర్శలోను మేలైన అడుగు ఇట్టి ఏర్పాటు వలననే పడినది. కేంబ్రిడ్జిలో ఐ. ఏ. రిచర్డ్స్ పదమూడు పద్యములను కవుల పేర్లు చెప్పక విద్యార్థులకు పంచి, వారి అభిప్రాయములను వ్రాసి ఇమ్మన్నాడు. వానిని పరిశీలించి 1929లో గ్రంథముగా ప్రకటించినాడు. పేరున్నపుడు పూజింపబడు కవులను పేరు లేనపుడు తృణీకరించినవారు అందులో కలరు. సామాన్యమైన పద్యమును తలకెత్తుకొన్నవారును కలరు. పద్యముతో సంబంధము లేని స్వంత జ్ఞాపకములు చొరబడుట, ముందే సిద్ధముగా ఉంచుకొన్న భావములు పద్యము తగులగనే పైకి వచ్చుట, తమ మతసిద్ధాంతముల కొలతతో కవిత్వమును కొలుచుట, ఇట్టి దోషములను ఆయన వరుసగా చూపినాడు. ఆ విద్యార్థులు తెలివిలేనివారు కారు. పేరు అను ఊతకర్ర తీసివేసినంతనే వారి నడక ఎట్టిదో బయటపడినది.

ఆధునిక తెలుగు కవిత్వమును చదువుటలో ఈ ఊతకర్ర మరింత బలమైనది. విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షములోను, 1950లో వెలువడిన శ్రీశ్రీ మహాప్రస్థానములోను సంస్కృత సమాసముల బలము సమృద్ధిగా కలదు. ఒక వర్గమునకు మొదటివారి సమాసము పాండిత్య భారము, రెండవవారి సమాసము ఉద్యమ గర్జన. మరియొక వర్గమునకు మొదటిది ఓజోగుణము, రెండవది ఆడంబరము. ఈ వర్గములవారు సమాసమును తూచుటలేదు. సమాసము వెనుకనున్న జెండాను తూచుచున్నారు. ఆ సమాసము రెండవ కవి గ్రంథములో ఉండినచో ఏమనియుందునని తన్ను అడుగుకొన్న విమర్శకుడు రెండు మార్గములలో ఒకటి పట్టవలసి వచ్చును. ఇరుచోట్ల ఒకే మాట చెప్పవలెను. లేదా ఆ సందర్భములో ఆ సమాసము చేసిన పనిలోని నిజమైన భేదమును వివరింపవలెను. ఈ రెండవది చేసినపుడే కావ్య విమర్శ ఆరంభమగును. కవులు ఈ విషయములో అనుచరులకన్న ఉదారులు. 1976లో విశ్వనాథ మరణించినపుడు ఆయనను శ్లాఘించుచు శ్రీశ్రీ కవిత వ్రాసినాడు. తన మార్గమును ఆయన విడువలేదు. ఎదుటివాని బరువును తక్కువ చేయలేదు.

ఇచట ఒక ఆక్షేపణ రాదగినది. అభిమానము లేనిదే పరిశోధన లేదు. రామకృష్ణకవిగారికి ప్రాచీన వాఙ్మయముపై ఆసక్తి లేనిచో కుమారసంభవము నేటికిని తాళపత్రములలోనే ఉండెడిది. తెలంగాణాభిమానము లేనిచో గోలకొండ కవుల సంచిక వెలువడెడిది కాదు. ఉదాసీనుడు ఏ భాండారపు తలుపును తట్టడు. ఈ మాట పూర్తిగా సత్యము. కాని వెదకుట ఒక పని, తూచుట మరొక పని. అభిమానము వెదకువాని కాళ్ళకు బలమిచ్చును. అదే తూచువాని చేతికి వణకు తెచ్చును. ఒకే మనుష్యుడు రెండు పనులును చేయవలసి ఉన్నపుడు, మొదటిదానిలో సహాయపడినదానిని రెండవదానిలో దూరముంచుటకు ఉపాయము కావలెను. అభిమానమును చంపుకొమ్మని చెప్పుట వ్యర్థము. దానిని వాకిట కూర్చుండబెట్టి లోపలికి పోవు నియమము చాలును.

అట్టి నియమమొకటి భారతీయ శాస్త్ర రచనలో పురాతనమైనది, పూర్వపక్షము. సిద్ధాంతమును చెప్పుటకు ముందు ఎదుటివాని మతమును అతడు చెప్పునంత బలముగా, వీలైన అంతకన్న బలముగా చెప్పి, పిదప ఖండింపవలెను. న్యాయశాస్త్రము తత్త్వనిర్ణయమునకై సాగు కథను వాదమనియు, గెలుపునకై సాగుదానిని జల్పమనియు, స్వపక్షస్థాపనము లేక పరపక్షమును కూల్చుటను వితండయనియు వేరు చేసినది. తెలుగు సాహిత్య వివాదములలో పూర్వపక్షము పేరునకు మిగిలినది గాని దాని ప్రాణము చాలచోట్ల పోయినది. ఎదుటివాని వాదములో బలహీనమైన వాక్యమును ఏరుకొని, దానిని పూర్వపక్షముగా నిలిపి, సులభముగా పడగొట్టుట నేటి పద్ధతి. పూర్వపక్షకర్త దానిని చదివి 'ఇది నా మతమే' యని ఒప్పుకొనునట్లు వ్రాయగలిగినవాడే దానిని ఖండించుటకు అర్హుడు.

ఈ లోపము వలన నష్టపోయినది పండితుల కీర్తి కాదు, కావ్యము. కుమారసంభవములో దక్షయజ్ఞ ధ్వంసము కలదు, పార్వతి తపస్సు కలదు, కుమార జననము కలదు, తారకవధ కలదు. జాను తెనుగు, వస్తుకవిత యను భావములను తెలుగులో తొలుదొలుత చర్చకు తెచ్చిన కవులలో ఆయన ఒకడు. కాళిదాసు కథను ఎత్తుకొని, దానిలో తాను విడిచినదేమి, చేర్చినదేమి యను విచారము ఎంతయో చేయదగినది. నూరేండ్లకు పైబడిన చర్చలో అధిక భాగము అవతారికలోని కొన్ని పద్యముల చుట్టును తిరిగినది. అభినవగుప్తుని మాటలలో చెప్పవలెనన్న, ఇది ఆరవ విఘ్నము: అప్రధానము ప్రధానముగా నిలిచినది.

నన్నెచోడుని కాలము ఇంకను తెగిపోయిన విషయము కాదు. రేపు ఒక పొలములో ఒక శాసనము దొరకవచ్చును. అందులో చోడబల్లి పేరు ఉండవచ్చును, సంవత్సరము ఉండవచ్చును. అది దొరికిన తరువాత ప్రతి పక్షమును దానిని తన వైపునకు తిప్పుకొన యత్నించుననుట అనుభవమే. దొరకకముందే, ఎట్టి శాసనము, ఏ సంవత్సరముతో లభించినచో తన మతమును విడుతునో వ్రాసి ప్రకటించిన విమర్శకుని మాటకు ఆనాడు విలువయుండును. పోతన జన్మస్థలము విషయములోను, రేపటి కవుల తారతమ్యము విషయములోను చేయదగినది ఇంతే. అంతవరకు ఆ పన్నెండు ఆశ్వాసములు చదువుటకు సిద్ధముగనే ఉన్నవి.